నాగలి గుర్తు పెట్టిన ముత్తాత

(పాత కాగితాలు, పాత కబుర్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజులకు నకళ్లు రాస్తూ రిటైరైనవాణ్ణి. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే కాలం గురించి అడిగాయి. మన ముత్తాతలు, వాళ్ల నాన్నలు సేద్యం చేసిన రోజులు. అందుకే అన్నిటికీ ఒకచోటే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా ఇంటి అటక మీద ఒక ఇత్తడి బిందెలో పాత స్టాంపు కాగితం దొరికింది. "విరోధి నామ సంవత్సర శ్రావణ శుద్ధ దశమి, ఫసలీ 1299" అని ఉంది. మా ముత్తాత ఒక నాయుడి గారి దగ్గర 24 రూపాయలు, ఏదుం చోళ్లు (రాగులు) తీసుకుని, తీరేదాకా కంబారిగా (పాలేరుగా) ఉంటానని రాసిచ్చాడు. చోళ్లు కళ్లంలో ఒకటికి ఒకటిన్నర చొప్పున కొలవాలట. సంతకం బదులు కింద ఏవో గీతలున్నాయి. ఇది ఏ సంవత్సరం? ఆ గీతలేమిటి? నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది, కాల్చెయ్యమని మా నాన్న అంటున్నారు. (ఒక పాఠకుడు, శ్రీకాకుళం దగ్గరి పల్లె)

జవాబు: కాల్చకండి బాబూ. మీ నాన్నగారికి నా మాటగా చెప్పండి. ఎందుకో కూడా చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు తారీఖు సంగతి. విరోధి అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1829లో వచ్చింది, 1889లో వచ్చింది, 1949లో వచ్చింది. మీది వీటిలో ఏదన్నది పక్కనున్న ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, తేల్చేస్తుంది. ఫసలీ అంకెకు 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జులై ఒకటో తేదీ నుంచి లెక్క. 1299కి 590 కలిపితే 1889. శ్రావణ శుద్ధ దశమి ఆ ఏడు ఆగస్టు మొదటి వారంలో పడింది. మీరు పంపిన ఫోటోలో స్టాంపు మీద విక్టోరియా రాణి తల కూడా ఉంది కాబట్టి ఇక సందేహం లేదు.

ఇప్పుడు ఆ నెల ఎలాంటిదో చూడండి. శ్రావణం అంటే ఉడుపుల (నాట్ల) కాలం. పొలంలో చాకిరీ ఎక్కువ, ఇంట్లో గింజ తక్కువ. సంక్రాంతికి నిండిన గాదెలు అప్పటికి అడుగు కనిపిస్తుంటాయి. మామూలు ఏడాదిలోనే అలా ఉంటే, మీ కాగితం రాసిన ఏడు మామూలుది కూడా కాదు. 1888లో వానలు మోసం చేసి 1889 నాటికి గంజాం జిల్లాలో కరువు వచ్చింది. శ్రీకాకుళం అప్పుడు గంజాం జిల్లాలోనే ఉండేది. రైలు ఇంకా రాలేదు. ఈ తీరం పొడుగునా రైలు పట్టాలు పడింది 1893, 1896 మధ్య. అంతవరకు బయటి గింజ రావాలంటే కళింగపట్నం, బారువ లాంటి రేవుల్లో ఓడ దిగాలి, లేదా ఎడ్లబండి మీద రావాలి. "ఆరుద్రలో అడ్డెడు చల్లితే పుట్టెడు పండుతాయి" అని మన సామెత. చల్లడానికి ఆ అడ్డెడు ఎక్కడిది? విత్తనాల కోసం దాచినవి కూడా తినేసిన ఇల్లు నాయుడి గారి గుమ్మం ఎక్కక తప్పదు.

ఏదుం అంటే అయిదు తూములు. తూముకు నాలుగు కుంచాల లెక్కన ఇరవై కుంచాలు. ఊరికో కుంచం, నాయుడికో కుంచం ఉన్న రోజులు కాబట్టి కిలోల్లో ఎంతో నేను చెప్పను. ఒకటికి ఒకటిన్నర అంటే శ్రావణంలో ఇరవై కుంచాలు తెచ్చుకుని, పంట చేతికొచ్చాక ముప్పై కుంచాలు కొలవాలి. మధ్యలో నాలుగైదు నెలలు. ఆ ముప్పై కొలిచేశాక ఇంట్లో మిగిలేది మళ్లీ శ్రావణం దాకా రాదు. మళ్లీ అదే గుమ్మం. నా సర్వీసులో ఇలాంటి కాగితాలు చాలా చూశాను. తండ్రి రాసిన అప్పు మీద కొడుకు కంబారిగా కుదిరిన కాగితాలు కూడా చూశాను. వాటికి నకలు రాస్తుంటే చెయ్యి ఆగిపోయేది.

కంబారితనం అంటే పొద్దు పొడవకముందే మొదలయ్యే పని. పశువుల శాల ఊడ్చాలి, కుడితి పెట్టాలి, నాగలి కట్టాలి. కళ్లం రోజుల్లో రాత్రి కుప్పల దగ్గరే పడుకోవాలి. జీతం చాలావరకు గింజల్లోనే. ఇంకో సంగతి. మీ కాగితంలో మీ తాతమ్మ పేరు ఎక్కడా లేదు. కానీ కంబారిని కుదుర్చుకున్న ఇంటికి కంబారి పెళ్లాం చాకిరీ కూడా వచ్చేది. పేడ ఎత్తడం, ధాన్యం దంచడం, ఉడుపుకీ కలుపుకీ పిలిచిన రోజున ముందు ఆ ఇంటి పొలంలో దిగడం. 24 రూపాయలకు రాసుకున్నది ఒక మనిషిని, వాడుకున్నది ఇద్దరిని. కాగితం చదివేటప్పుడు ఆవిణ్ణి కూడా అందులో చూడమని మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను.

ఇక ఆ గీతలు. ఫోటో పెద్దది చేసి చూశాను. నిలువుగా ఒక గీత, కింద వంకర, మధ్యలోంచి ముందుకు సాగిన ఇంకో గీత. అది నాగలి బాబూ. మేడి, కర్రు, నొగ అన్నీ ఉన్నాయి. చదువు రాని రైతు తన నిశానీగా నాగలి బొమ్మ గీసేవాడు. పక్కన కరణమో, కాగితం రాసినవాడో "ఇది ఫలానా వాని నిశానీ" అని రాసేవాడు. మీ కాగితంలో కర్రు దగ్గర సిరా ముద్దకట్టి ఉంది. కలం అక్కడ ఆపి గట్టిగా నొక్కాడు. బహుశా అంతకుముందు ఆయన కలం పట్టి ఉండడు. అయినా గీత ఎక్కడా తప్పలేదు. ఆ ఆకారం ఆయన చేతికి అంతగా తెలుసు.

కాల్చవద్దని ఎందుకన్నానో వినండి. అప్పు పత్రం ఎవరి దగ్గర ఉంటుంది? ఇచ్చినవాడి దగ్గర. బాకీ తీరేదాకా నాయుడి గారి పెట్టెలో ఉంటుంది. తీరిన రోజున ఇచ్చినవాడు పత్రం వెనక "చెల్లు" రాసి తీసుకున్నవాడికి తిరిగి ఇస్తాడు. మరి ఈ కాగితం మీ అటక మీదకి ఎలా వచ్చింది? ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి. మూలగా, అడ్డంగా, వేరే చేతిరాతతో ఒకటి రెండు పంక్తులు ఉండాలి. సిరా వెలిసిపోయి ఉంటే ఏటవాలుగా ఎండలో పట్టుకుని చూడండి. చెల్లు అన్న మాట కనిపిస్తే మీ నాన్నగారికి చూపించండి. ఆయన తాత బానిసగా రాసిచ్చిన కాగితం కాదు అది, విడిపించుకున్న కాగితం. తరతరాలు తీరని బాకీలు ఎన్నో చూసిన కళ్లతో చెబుతున్నాను, అలా తిరిగొచ్చిన కాగితాలు తక్కువ. అందుకే దాన్ని ఇత్తడి బిందెలో దాచుకున్నారు.

ప్రశ్న: మా అమ్మమ్మ వాళ్ల తాత ఒకాయన రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లి మళ్లీ రాలేదని చెప్పుకునేవారు. అంత దూరం ఎలా వెళ్లేవారు? వెనక ఆడవాళ్లు ఎలా బతికేవారు? (ఒక పాఠకురాలు, భోగాపురం)

జవాబు: మన ప్రాంతంలో రంగం వెళ్లినవాడు లేని ఊరు వెతకాలంటే కష్టమమ్మా. 1852 యుద్ధంలో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక అక్కడి బియ్యానికి గిరాకీ విపరీతంగా పెరిగింది. రంగూన్‌లో మిల్లులు వెలిశాయి. బస్తాలు మోయడానికి, పడవల్లోకి ఎక్కించడానికి, కోతలకు మనుషులు కావాలి. ఇటు చూస్తే శిస్తులు, వడ్డీలు, తప్పిన వానలు. భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి స్టీమరెక్కి సముద్రం దాటితే రంగూన్. మేస్త్రీ ఊరూరా తిరిగి ముందు కొంత బయానా ఇచ్చి మనుషుల్ని పోగుచేసేవాడు. ఆ బయానాతో నాయుడి బాకీ కొంత తీరేది. కానీ కొత్తగా మేస్త్రీ బాకీ మొదలయ్యేది.

చాలామంది రెండు మూడేళ్లు ఉండి వచ్చేసేవాళ్లు. కొంత డబ్బు చూసుకుని ఎకరమో అరెకరమో కొనుక్కుని మళ్లీ వెళ్లేవాళ్లు. అక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయినవాళ్లూ ఉన్నారు, జ్వరాలకు పోయినవాళ్లూ ఉన్నారు. మీ పెద్దాయన ఏ దారిన వెళ్లాడో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. 1880 నుంచి పోస్టాఫీసులో మనియార్డరు పద్ధతి వచ్చింది. మీ ఇంట్లో పాత మనియార్డరు రసీదు ముక్క ఏదైనా ఉంటే, ఎంత చిన్నదైనా పారెయ్యకండి. ఆయన ఏ ఏడు దాకా ఉన్నాడో అది చెబుతుంది.

ఇక ఆడవాళ్లు. మీ ప్రశ్నలో నాకు నచ్చినది ఈ భాగమే, దీన్ని అడిగేవాళ్లు తక్కువ. మగవాడు ఓడెక్కాక సేద్యం ఆగలేదు. దున్నడానికి మరిదినో, అన్ననో బతిమాలుకునేది. మిగతాదంతా ఆవిడే. ఆకు (నారు) తియ్యడం, ఉడుపు, కలుపు, కోత, దంపు. పొలం లేనమ్మ కూలికెళ్లేది. కోత కూలి కట్టల్లో ఇచ్చేవాళ్లు. ఆ కట్టలు ఇంటికి తెచ్చి కాలితో నలిచి, చేటతో చెరిగి, ఆ రాత్రికి దంచుకుంటేనే పిల్లల నోట్లోకి వెళ్లేది.

పొందూరు వైపు అయితే రాట్నం ఉండేది. శ్రీకాకుళం సన్నబట్టకు అప్పట్లో చాలా పేరు. పొందూరులో ఆడవాళ్లు పత్తిని ఎలా సిద్ధం చేస్తారో మీరు చూశారో లేదో. వాలుగ చేప దవడ ఎముక ఒకటి చేత పట్టుకుంటారు. దానికి సన్నటి పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. గింజ తియ్యకముందే పత్తిని దానితో కొద్దికొద్దిగా దువ్వుతారు. దుమ్ము, నలక రాలిపోయి పోగులన్నీ ఒకే వైపుకి వాలుతాయి. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి వడుకుతారు. ఆ నూలు చేత్తో పట్టుకుంటే ఉందో లేదో తెలియదు. ఆ పని ఈరోజుకీ చేసే అమ్మలు పొందూరులో ఉన్నారు. వీలైతే వెళ్లి వాళ్ల పక్కన ఒక గంట కూర్చోండి.

ప్రశ్న: మన పెద్దలు చోళ్లు, గంటెలు (సజ్జలు) తినబట్టే బలంగా ఉండేవారు అంటున్నారు. నిజమేనా? (విజయనగరం కాలేజీ విద్యార్థి)

జవాబు: చోళ్లు మంచి తిండే. కానీ వాళ్లు అది తిన్నది ఆరోగ్యం చూసుకుని కాదు నాయనా. పల్లంలో పండిన వరి శిస్తుకీ, బాకీకీ, అమ్మకానికీ పోయేది. మెట్టన పండిన చోళ్లు, గంటెలు, సామలు ఇంట్లో మిగిలేవి. మిగిలిందే తిన్నారు. కూలి ఇళ్లలో వరన్నం పండగ రోజున, పురుడు వచ్చినప్పుడు, చుట్టాలొచ్చినప్పుడు.

మా నాయనమ్మ అంబలి కాచే పద్ధతి చెబుతాను. ఆవిడ వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్నది కాబట్టి నువ్వడిగిన కాలానిదే అనుకోవచ్చు. చోడిపిండి ముందు రోజు సాయంత్రం కుండలో నీళ్లు పోసి కలిపి మూత పెట్టేది. తెల్లారేసరికి పులిసి పైన నురగ కట్టేది. నూకలు విడిగా ఉడకబెట్టి, అవి మెత్తబడ్డాక పులిసిన పిండి సన్నగా పోస్తూ తెడ్డుతో కలిపేది. చెయ్యి ఆపితే ఉండ కడుతుంది. దించి చల్లార్చి, ఉప్పేసి, ఉల్లిపాయో ఎండుచేపో నంజుకుని పెద్ద ముంతతో తాగి పొలానికి వెళ్లేవాళ్లు. ఎండలో దాహం వెయ్యదు, మధ్యాహ్నం దాకా కడుపు నిలబడుతుంది. అయితే గింజలు తగ్గే నెలల్లో కుండలో నీళ్లు పెరుగుతూ, పిండి తగ్గుతూ వచ్చేది. చివరికి మామిడి టెంకలు పగలగొట్టి లోపలి జీడిని నానబెట్టి, చేదు పోయాక పిండి చేసి కాచుకునేవాళ్లు. నౌపడలో ఉప్పు మళ్లు మన కళ్లముందే ఉన్నా, ఉప్పు సర్కారు గుత్త కాబట్టి పన్ను కట్టి కొనుక్కోవాల్సిందే. ఆ రోజుల్లో బలంగా ఉన్నవాళ్లనే మనం తలుచుకుంటున్నాం. బలం చాలక చిన్నప్పుడే పోయిన పిల్లలను తలుచుకునేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ప్రతి పాత ఇంట్లోనూ అలాంటి పిల్లలున్నారు.

చోళ్లు తిను నాయనా, మంచిదే. మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే అంబలి కాచే పద్ధతి ఆవిడనే అడిగి నేర్చుకో.

ప్రశ్న: మా తాతమ్మకు ఎంత కట్నం ఇచ్చారో ఎక్కడైనా రాసి ఉంటుందా? (ఒక పాఠకురాలు, చీపురుపల్లి)

జవాబు: సేద్యం చేసుకునే కులాల్లో అయితే ఆ రోజుల్లో డబ్బు అటు నుంచి ఇటు వచ్చేదమ్మా. దాన్ని ఓలి అనేవాళ్లు. పెళ్లికొడుకు వాళ్లు ఆడపిల్ల వాళ్లకు ఇచ్చుకునేవాళ్లు. పొలంలో పనిచేసే రెండు చేతులు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్తున్నాయి కాబట్టి, ఆ పుట్టింటికి నష్టం కట్టినట్టు లెక్క. రూపాయలు, ఒక ఆవో గేదో, కొన్ని తూముల గింజలు. ఇది పెద్దమనుషుల మధ్య నోటిమాటగానే నడిచేది, కాగితం మీదికి ఎక్కేది కాదు. అందుకే మీకు దొరక్కపోవచ్చు. ఓలి కోసం అప్పు చేసినవాడి పత్రం మాత్రం దొరుకుతుంది. "నా పెండ్లి ఖర్చు నిమిత్తం" అని రాసిన బాకీలు నేను నకలు తీసినవాటిలోనే ఉన్నాయి.

ఓలి ఉంది కాబట్టి ఆడపిల్లకు విలువ ఎక్కువ ఉండేదని కొందరు రాస్తున్నారు. నేను ఒప్పుకోను. వెల కట్టడం వేరు, విలువ ఇవ్వడం వేరు. ఆ పిల్లలకు పెళ్లిళ్లు ఏ వయసులో అయ్యేవో చూడండి. 1891లో సర్కారు చట్టం చేసి కాపురానికి పంపే వయసు పదేళ్ల నుంచి పన్నెండుకు పెంచితే దేశమంతా గొడవ చేసింది. పదేళ్లు, పన్నెండేళ్లు! ఒకటి మాత్రం ఉంది. చాలా కులాల్లో మొగుడు పోయినా, మొగుడితో పడకపోయినా మారుమనువు ఉండేది. కులపెద్దల ముందు ఓలి లెక్క తేల్చుకుని ఇంకో ఇంటికి వెళ్లే దారి ఉండేది. తర్వాతి రోజుల్లో పరువు పేరుతో మనమే ఆ దారి మూసేశాం. కట్నం మాత్రం తెచ్చుకున్నాం. మీ తాతమ్మ మారుమనువు మనిషని ఎవరైనా గుసగుసగా చెబితే, గట్టిగానే చెప్పమనండి.

ప్రశ్న: మా వైపు చుట్టిళ్లు ఎందుకు గుండ్రంగా కట్టేవారు? (ఒక పాఠకుడు, సోంపేట)

జవాబు: గాలివాన కోసం. గుండ్రటి మట్టిగోడకు మూలలుండవు, గాలి పట్టు దొరక్క పక్కనుంచి జారిపోతుంది. తాటాకు కప్పు చూరు కిందకి మొలలోతు దాకా దించేవాళ్లు, లోపలికి వంగి దూరాలి. వేసవిలో చల్లగా ఉంటుంది కూడా. గింజలు లోపల అటక మీద.

ప్రశ్న: మా భూమి పాత కాగితాలు శ్రీకాకుళంలో వెతికితే దొరకలేదు. ఎక్కడ చూడాలి? (ఒక పాఠకుడు, టెక్కలి)

జవాబు: ముందు మీ కాగితం ఏ కాలానిదో తేల్చుకోండి. మీ ఇల్లు కదల్లేదు గాని జిల్లా కదిలింది. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా టెక్కలి, శ్రీకాకుళం గంజాం జిల్లా. అప్పటి నుంచి విశాఖపట్నం జిల్లా. శ్రీకాకుళం జిల్లా వచ్చింది 1950 ఆగస్టు 15న. విజయనగరం వైపు వాళ్లకు 1979 జూన్ ఒకటి దాకా సొంత జిల్లాయే లేదు. కాబట్టి పాత పత్రం మీద "గంజాం డిస్ట్రిక్టు" అని ఉంటే కంగారుపడకండి.

మన పల్లెల్లో చాలావరకు జమీందారీ భూములు. జమీందారు కట్టాల్సిన శిస్తును శాశ్వతంగా ఖాయం చేసిన 1802 నాటి శాశ్వత పైసలా తర్వాత శిస్తు లెక్కలు జమీందారు కచేరీలోనే ఉండేవి గాని సర్కారు దగ్గర కాదు. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాక సర్వే చేసి రైతువారీ పట్టాలిచ్చారు. మీకు వరుసగా దొరికేవి అక్కడి నుంచే. అంతకుముందుది కావాలంటే ఇనాం భూమి అయితే 1858 తర్వాత ఇనాం కమిషన్ రాసిన రిజిస్టర్లు చూడండి. ఎవరికి, ఏ సేవ కింద, ఎంత భూమి ఇచ్చారో అందులో ఉంటుంది. గుడి పూజారి, కమ్మరి, వడ్రంగి, బరికి (ఊరి కావలి పనివాడు) కుటుంబాల వాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. తనఖాలు, అమ్మకాలు అయితే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పేరు సూచిక అడగండి. ఇంటిపేరుతో కాదు, అప్పట్లో తండ్రి పేరుతో రాసేవాళ్లు. ఊరి పేరు రెండు మూడు రకాలుగా రాసి ఇచ్చి వెతకమనండి. నకలు తీసుకునేటప్పుడు పత్రం వెనక భాగం కూడా రాయించుకోండి, చాలామంది ముందు పేజీతో ఆపేస్తారు.